పారేసిన ఇనుముతో పరుగెత్తే కార్లు
పనితనానికి హద్దు లేదు. రోడ్డెక్కితే మాత్రం చట్టం ఉంది

జొన్నగిరి: తొలకరి వాన పడితే చాలు, తుగ్గలి మండలంలోని జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం జనం తల వంచుకుని తిరగడం అందరికీ తెలిసిందే. పదిమంది తొక్కుకుంటూ పోయిన రాయిలోనే పదకొండో వాడికి వజ్రం కనిపిస్తుంది. పాత ఇనుము దుకాణం సంగతీ ఇంతే. తూకానికి అమ్మేసిన ఇరుసులు, తుప్పు పట్టిన గేరు బాక్సులు, ఒక ప్రక్క నలిగిన కారు డొక్కులు చాలామందికి చెత్త. పని తెలిసిన వాడి కంటికి అవే బండి.

అలాంటి కన్ను గల తెలుగువాడు హైదరాబాద్‌కు చెందిన కె.సుధాకర్. పాత వాహనాల నుంచి ఊడదీసిన ఇంజన్లు, చక్రాలు, ఇనుప గొట్టాలు కలిపి ఆయన తయారుచేసిన కార్లను చూడడానికి దేశ విదేశాల నుంచి జనం వస్తున్నారు. నగరంలోని బహదూర్‌పురాలో, నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సమీపంలో, 2010లో 'సుధా కార్స్ మ్యూజియం' ప్రారంభమైంది. ఇవి అట్టతో చేసిన బొమ్మలు కావు. లోపల మనిషి కూర్చుని నడిపితే కదిలే బండ్లు.

వంకాయ కారు, కంప్యూటర్ కారు

మ్యూజియంలో అడుగు పెట్టిన వారికి వంకాయ ఆకారంలో ఒక కారు, కెమెరా ఆకారంలో మరొకటి కనిపిస్తాయి. క్రికెట్ బ్యాటు, ఫుట్‌బాల్, కంప్యూటర్, బిలియర్డ్స్ బల్ల, సోఫా - ఇలా ఇంటిలోను, వీధిలోను చూసే వస్తువులెన్నో ఇక్కడ చక్రాల మీద నిలబడ్డాయి. పిల్లల కోసం పెన్ను, పెన్సిలు బండ్లు, మహిళా దినోత్సవానికి ఎత్తు మడమ చెప్పు కారు తయారయ్యాయి. పొగ తాగడం మాన్పించడానికి సిగరెట్టు బండి, తలకు రక్షణ గుర్తు చేయడానికి హెల్మెట్ కారు రూపొందాయి. వినోదంతో పాటు నలుగురికి ఒక మంచి మాట చెప్పాలన్న తపన వీటిలో కనిపిస్తుంది.

కరోనా వ్యాధి వ్యాపించిన 2020లో, జనాన్ని ఇళ్లలో ఉండమని హెచ్చరించడానికి ఆయన ఆ క్రిమి ఆకారంలోనే కారు కట్టారు. ఒక్కరే కూర్చునే ఆ బండికి ఆరు చక్రాలు, 100 సి.సి. ఇంజన్ బిగించారు. పైన ఫైబర్ తొడుగు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. పది రోజుల్లో పని పూర్తయింది.

అంతకు ముందే ఆయన పేరు గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 2005 జూలై 1న హైదరాబాద్‌లో ఆయన స్వయంగా తొక్కి చూపిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 12.67 మీటర్లు, అంటే 41 అడుగుల పైచిలుకు. పొడవు 11.37 మీటర్లు. చక్రం వ్యాసమే 5.18 మీటర్లు. మూడు నిలువుల మనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటుందా చక్రం కొలత! ఇంతటి పనికి అంకురం బడికి వెళ్లే వయసులోనే పడిందంటే ఆశ్చర్యం కలుగక మానదు.

జీపుల కాలం నుంచీ ఉన్న విద్యే

ముక్కలు కలిపి బండి కట్టడం మన దేశానికి కొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం వేలంలో అమ్మిన జీపులతోనే చాలా షెడ్లలో ఈ విద్య మొదలైంది. 1973 తర్వాత పెట్రోలు ధర మండిపోవడంతో జీపులోని పెట్రోలు ఇంజన్ తీసేసి, మరో బండి డీజిల్ ఇంజన్ బిగించడం వాడుకలోకి వచ్చింది. గుజరాత్ పల్లెల్లో బుల్లెట్ మోటారు సైకిలు ముందు భాగానికి డీజిల్ ఇంజన్, వెనుక రెండు చక్రాల తొట్టి తగిలించి 'ఛకడో' అన్నారు. ఉత్తర భారతంలో నీళ్లు తోడే పంపుసెట్టు ఇంజన్‌తో నడిచే బండిని 'జుగాడ్' అన్నారు. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రే గ్రామంలో ఒక కమ్మరి పాత సామానుతో కిక్ కొడితే నడిచే చిన్న జీపు తయారుచేయగా, మహీంద్రా సంస్థ 2022 జనవరిలో ఆయనకు కొత్త బొలెరో ఇచ్చి ఆ బండిని తీసుకుంది.

పని ఎక్కడ చెడుతుంది?

చూడడానికి సులువుగా కనిపించినా ఇందులో మెలకువలు చాలా ఉన్నాయి. మొదట చూడవలసింది చాసీస్. ప్రమాదంలో దెబ్బ తిన్న బండి చాసీస్ పైకి బాగానే ఉన్నా లోపల మెలిక తిరిగి ఉండవచ్చు. ఎడమ ముందు మూల నుంచి కుడి వెనుక మూలకు, కుడి ముందు నుంచి ఎడమ వెనుకకు తాడు పట్టి కొలిస్తే రెండు కొలతలూ సమానంగా రావాలి. తేడా వస్తే ఆ బండి ఎంత సర్దినా ఒక ప్రక్కకే లాగుతుంది.

తర్వాత ఇంజన్. మారుతి 800 కారులో 796 సి.సి. ఇంజన్, గేరు బాక్సు ఒకే ముద్దగా ముందు చక్రాల దగ్గరే ఉంటాయి. అందువల్ల మొత్తం దించి వేరే బండిలో సీటు వెనుక కూర్చోబెట్టడం వీలవుతుంది. అంబాసిడర్, జీపు వంటి వాటిలో ఇంజన్ ముందు, తిరిగేది వెనుక చక్రాలు. మధ్యలో పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుంది. దానిని కోసి, అతికి, బరువు సరిచూడకుండా బిగిస్తే వేగం పెరిగే కొద్దీ బండి వణికిపోతుంది.

డిఫరెన్షియల్ ఉన్న వెనుక ఇరుసును తలక్రిందులుగా బిగిస్తే ఏమవుతుంది? చక్రాలు ఎదురు తిరుగుతాయి. నాలుగు గేర్లు వెనక్కి, ఒక్క రివర్స్ గేరు మాత్రం ముందుకు పోయే బండి తయారవుతుంది! ఇది నవ్వుకునే తప్పు. కానీ నవ్వడానికి వీలు లేని తప్పులు కూడా ఉన్నాయి. తేలిక బండి బ్రేకులను బరువు బండికి పెడితే ఆపవలసిన చోట ఆగదు. పెట్రోలు ఇంజన్ కోసం చేసిన ముందు కమాన్లపై బరువైన డీజిల్ ఇంజన్ మోపితే అవి కుంగిపోతాయి. స్టీరింగు కడ్డీ విరిగితే వెల్డింగు పెట్టి సరిపెట్టడం అన్నిటి కంటే ప్రమాదకరం. ఆ అతుకు మలుపులో ఊడితే డ్రైవరు చేతిలో చక్రం మిగులుతుంది, బండి మిగలదు. ఫ్యూజు లేకుండా లాగిన వైర్లు, సీటు క్రింద కట్టిన పెట్రోలు టాంకు అగ్ని ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకోవడమే.

చట్టం ఏమంటుంది?

ఉత్సాహంతో బండి కట్టే యువకులు తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. ఇంధనం మార్పు, వికలాంగుల కోసం చేసే మార్పు వంటి కొన్నింటికి మాత్రమే నిబంధనలకు లోబడి వెసులుబాటు ఉంది. సుప్రీం కోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అక్రమంగా మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. జుగాడ్ బండి కూడా మోటారు వాహనమే అని, చట్టం దానికీ వర్తిస్తుందని 2013లో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది.

ఇవి పేదవాడి పనితనాన్ని తొక్కివేసే నిబంధనలని కొందరు అనవచ్చు. అయితే రెండో వైపు కూడా చూడాలి. రిజిస్ట్రేషన్ లేని బండికి బీమా దొరకదు. ఆ బండి క్రింద ఎవరైనా పడితే నష్టపరిహారం మొత్తం కట్టిన వాడి నెత్తినే పడుతుంది. పదివేలు మిగిలాయని సంతోషించే లోపు పొలం అమ్ముకోవలసిన గతి పట్టవచ్చు. ప్రాణం పోయిన కుటుంబానికి ఆ పొలం కూడా చాలదు.

దారి లేకపోలేదు

అంతమాత్రాన విద్యను వదులుకోనక్కర లేదు. ఫ్యాక్టరీలో గాని, ఆవరణ గల స్థలంలో గాని మాత్రమే వాడడానికి ప్రత్యేకంగా చేసిన వాహనాన్ని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. సుధాకర్ కార్లకు మ్యూజియమే ఇల్లయింది. ఇంజనీరింగు విద్యార్థులకు 'బాహా' పోటీలు ఉన్నాయి. 2007 నుంచి మన దేశంలో జరుగుతున్న ఈ పోటీలలో విద్యార్థులే ఒక్క సీటు బండి కట్టి, బ్రేకు పరీక్ష నెగ్గి, గుంతల దారిలో నడిపి చూపాలి. రోడ్డు మీదకు తేదలచిన కొత్త నమూనాను మాత్రం పుణెలోని ఎ.ఆర్.ఎ.ఐ. వంటి గుర్తింపు పొందిన సంస్థల పరీక్షకు పెట్టవలసి ఉంటుంది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు విప్పి బిగించే షెడ్లకు కొదవ లేదు. అక్కడ పాత టైరు మీద కూర్చుని స్పానర్లు అందించే కుర్రాళ్లలో మరో సుధాకర్ లేడని ఎవరు చెప్పగలరు? ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు ఏడాదికొకసారి ఆవరణలోనే పాత సామాను బండ్ల పోటీ పెట్టి, బయటి షెడ్ల కుర్రాళ్లకు కూడా అవకాశం కల్పిస్తే బాగుంటుంది. రవాణా శాఖ అధికారులు ఆ రోజు వచ్చి బ్రేకు, స్టీరింగు, చాసీస్ విషయంలో నాలుగు మాటలు చెబితే, రేపు రోడ్డు మీద పట్టుకుని జరిమానా రాయడం కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది. సంబంధిత అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉంది.