పరుపు లోపల ఏముంది?

పరుపు కొనేటప్పుడు పైగుడ్డ మీది పూలు చూసి మురిసిపోతాం. వీపుకు సుఖమిచ్చేది మాత్రం లోపలి సరుకు. జూలూరుపాడు ప్రాంతంలో ఆ సరుకు కళ్లెదుటే కాస్తుంది: చేలల్లో పత్తి, అడవి అంచున బూరుగు.

రెంటినీ దూదే అంటాం గానీ గుణాలు వేరు. ఆకంతా రాల్చి ఎర్రటి పూలతో నిలబడే బూరుగు, ఎండలు ముదిరాక కాయలు పగిలి దూదిని గాలికి వదులుతుంది. ఆ పోగు లోపల బోలు, పైన సన్నటి మైనపు పూత. అందుకే గుప్పెడు దూది అరచేతిలో ఉన్నా బరువే తెలియదు. చిటికెడు నీళ్ల గిన్నెలో వేస్తే మునగదు. ఒకప్పుడు ఓడల్లో లైఫ్ జాకెట్లను బూరుగు జాతి దూదితో నింపింది ఈ గుణం వల్లే. అయితే ఈ పోగు నున్నగా, పెళుసుగా ఉంటుంది. ఒకదాన్నొకటి పట్టుకోదు, ఒత్తిడికి విరిగి పొడవుతుంది. తలకింద మెత్తకు దీన్ని మించింది లేదు, ఒళ్లంతా మోసే పరుపులో మాత్రం త్వరగా అణిగిపోతుంది.

పత్తి పోగుకు పుట్టుకతోనే మెలి ఉంటుంది. పోగులు పెనవేసుకుంటాయి కాబట్టే నూలు వడకగలం, పరుపు నింపగలం. దూదేకులవాళ్లు వింటినారి మోగిస్తూ ఏకేటప్పుడు జరిగేది ఇదే: ఉండలు విడిపోయి పోగుల మధ్య గాలి చేరుతుంది. ఇప్పుడా పని మిషన్లు చేస్తున్నాయి. నింపాక పొడవాటి సూదిని పైనుంచి కిందికి దింపి, జానెడుకొకటి చొప్పున గట్టి దారంతో కుట్లు వేస్తారు. ఆ కుట్లు లేకపోతే దూది అంచులకు జరిగి నడుమ గుంట పడుతుంది. కుట్టుకూలి దగ్గర బేరమాడకండి, పరుపు ప్రాణం అక్కడుంది.

ఫోమ్ సంగతి వేరు. అది 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పాలీయురేథేన్ సరుకు. దాని సత్తా డెన్సిటీలో, అంటే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్న లెక్కలో తెలుస్తుంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న పరుపు 32 డెన్సిటీదైతే సుమారు అయిదున్నర కిలోలు, 40దైతే ఏడు కిలోలకు కాస్త తక్కువ తూగాలి. పైగుడ్డ బరువు తీసేసి కాటా వేయించి అడగండి.

ఇదే ఫోమ్ వాడే సోఫా కుంగితే ముందు ఫోమ్‌ను తిట్టుకుంటాం. చాలాసార్లు సాగిపోయేది కిందనున్న నవారు పట్టీ. తిరగేసి చూసి, దాన్ని బిగిస్తే చాలు.

దూది పరుపు అణిగితే విప్పి, ఎండబెట్టి, మళ్లీ ఏకిస్తే లేచి నిలుస్తుంది. అణిగిన ఫోమ్‌కు ఆ వీలు లేదు.