పెరటి దుంప పూలు - పెంపకంలో మెళకువలు, పశువుల విషయంలో జాగ్రత్తలు

మన సంఘాలలో పాలు పోసే సభ్యుల ఇళ్ళ పెరళ్ళలో, బావి గట్టునో గాబు పక్కనో నాలుగు పూల మొక్కలు ఉండడం మామూలే. లిల్లీ అని మనం పిలుచుకునే నేల సంపెంగ, పెద్ద ఎర్రపూల అమరిల్లిస్, తొలకరికి పూసే వాన లిల్లీ, మే నెలలో బంతిలా విరిసే ఫుట్‌బాల్ లిల్లీ - ఇవన్నీ దుంప నుంచి వచ్చేవే. పాడి ఉన్న ఇంట వీటికి ఎరువు కొదవ లేదు. అయితే సరైన పద్ధతి తెలియక దుంపలు కుళ్ళిపోవడం ఒక నష్టం. తవ్విన దుంపలను ఎక్కడ పడితే అక్కడ పారవేసి పశువు ప్రాణం మీదికి తెచ్చుకోవడం అంతకంటె పెద్ద నష్టం. ఈ రెండు విషయాలను సభ్యుల దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దుంపకు విశ్రాంతి

దుంప ఆ మొక్కకు గాదె వంటిది. ఆకులు ఎండలో తయారు చేసిన ఆహారం దుంపలోకి దిగి, మరుసటి కాపుకు పూలకాడై పైకి వస్తుంది. కనుక పూలు అయిపోయిన తరువాత ఎండిన కాడను మాత్రమే తీసివేయాలి. పచ్చి ఆకులను కోయరాదు, ముడి వేయరాదు. చూడి గేదెను ఈనడానికి రెండు నెలల ముందు వట్టిపోనిస్తాము కదా! ఆ విశ్రాంతి లేకపోతే తరువాతి ఈతలో పాలు తగ్గుతాయి. దుంప సంగతీ అంతే. ఆకులు పసుపు బారడం మొదలుకాగానే నీరు తగ్గించి, ఆపై పూర్తిగా మానివేయాలి.

నాటే విధానం

నేల సంపెంగ మెక్సికో దేశం నుంచి వచ్చిన మొక్క. ఒంటి రేకుల రకాలకు వాసన ఎక్కువ. దండలకు ఇవే మేలు. ముద్దపూల రకాలు గుత్తులకు బాగుంటాయి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఒంటి రేకులలో శృంగార్, ప్రజ్వల్ రకాలను, ముద్దపూలలో సువాసిని, వైభవ్ రకాలను విడుదల చేసింది. 25 నుంచి 30 గ్రాముల బరువు గల గట్టి దుంపలను ఎంచుకుని జూన్, జూలై నెలలలో నాటాలి. అప్పుడే తవ్విన దుంపలను వెంటనే నాటరాదు. నెల రోజులు నీడలో ఉంచాలి. వరుసల మధ్య ఒక అడుగు, దుంపకు దుంపకు జానెడు దూరం, పైన రెండంగుళాల మట్టి చాలును. 3, 4 నెలలలో పూలు మొదలవుతాయి. ఒకసారి నాటిన మడి 2, 3 ఏళ్ళు పూస్తుంది. అమరిల్లిస్‌ను మాత్రం దుంప మెడ మట్టిపైకి కనిపించేటట్లు నాటాలి. మెడ పూడిపోతే కుళ్ళుతుంది.

ఎరువు, నీరు

చదరపు మీటరుకు 2 నుంచి 3 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు వేసి మట్టిలో కలపాలి. పచ్చి పేడ పనికిరాదు. దాని వేడికి వేళ్ళు మాడతాయి, చెదలు, వేరు పురుగులు చేరుతాయి. మడిలో నీరు నిలువరాదు. బోదెల మీద నాటడం శ్రేయస్కరం. పాలక్యానులు కడిగిన సోడా నీటిని ఈ మడికి పారించకండి, నేల చెడుతుంది.

తెగుళ్ళు

మొక్క మొదట్లో తెల్లని బూజు, దానిలో ఆవగింజల వంటి గుండ్లు కనిపిస్తే అది కాండం కుళ్ళు. ఆ మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి కాల్చివేయాలి. ట్రైకోడెర్మా పొడిని చివికిన ఎరువులో కలిపి ముందుగానే మడికి వేస్తే ఈ తెగులు తగ్గుతుంది. వేళ్ళ మీద బుడిపెలు ఉంటే నులిపురుగులు పట్టినట్లు. వేప పిండి వేయాలి, మధ్యలో బంతి మొక్కలు నాటాలి. విషపు గుళికల జోలికి పోవద్దు. ఆ మడి గట్టున పెరిగిన గడ్డి చివరకు పశువు నోటికే పోతుంది కదా!

పశువులు - ముఖ్య గమనిక

అమరిల్లిస్, వాన లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ, విషముంగలి దుంపలలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. వీటిని తిన్న పశువు చొంగ కారుస్తుంది, మేత మానుతుంది, పారుకుంటుంది. కంచెల మీద పాకి, ఎరుపు పసుపు కలిసిన నిప్పుమంటలాంటి పూలు పూసే అడవినాభి మరీ ప్రమాదకరం. నాగలి ఆకారపు దాని దుంపలో కాల్చిసిన్ అనే తీవ్రమైన విషం ఉంది. అది పశువును చంపగలదు, పాలలోకి కూడా దిగుతుంది. కనుక:

1. తవ్వి తీసిన దుంపలను, ఆకులను గాడిలో గాని, కుడితి తొట్టిలో గాని, పెంటకుప్ప మీద గాని వేయరాదు. లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి.

2. నిలువ ఉంచే దుంపలను నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో పెట్టి, దాణా బస్తాలకు దూరంగా ఎత్తున దాచాలి. ఉల్లిపాయలని పొరబడకుండా పిల్లలకు, ఇంట్లో వాళ్ళందరికీ చెప్పి ఉంచాలి.

3. పశువు తిన్నట్లు అనుమానం కలిగితే గొట్టంతో నూనెలు, కషాయాలు పోయరాదు. నీరసించిన పశువుకు అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. వెంటనే పశువైద్యుని పిలిపించి, తిన్న దుంప ముక్కను చూపించాలి.

4. వైద్యుడు సరేననే వరకు ఆ పశువు పాలను ఇంట వాడరాదు, దూడకు విడువరాదు, సంఘానికి పోయరాదు. కాచితే సరిపోతుందని అనుకోవద్దు. సంగతి కార్యదర్శికి తెలియజేయాలి. ఒక్క చెంబెడు పాలు క్యానులో కలిస్తే ఊరందరి పాలూ అందులో కలిసినట్లే.

పెరటిలో పూలు ఉండవలసిందే. మడికి చిన్న దడి కట్టి, కట్టుతాడు అందని చోట నాటుకుంటే పూలూ దక్కుతాయి, పాడీ క్షేమంగా ఉంటుంది. ఈ విషయాన్ని కార్యదర్శులు రాబోయే సభ్యుల సమావేశంలో చదివి వినిపించగలరు.