కృష్ణబిలానికీ ఒక ఉష్ణోగ్రత

కృష్ణబిలం చుట్టూ ఒక హద్దు ఉంటుంది. అది దాటి లోపలికి పోతే కాంతి కూడా వెనక్కి రాదు. దాన్నే క్షితిజం అంటారు. క్షితిజం వైశాల్యం పెరగడమే తప్ప తగ్గదని 1971లో స్టీఫెన్ హాకింగ్ నిరూపించారు. ఎంట్రోపీకీ, అంటే చిందరవందరకు కొలతకూ, అదే గుణం. అందువల్ల ఆ వైశాల్యమే బిలం ఎంట్రోపీకి కొలత అని యువ పరిశోధకుడు జేకబ్ బెకెన్‌స్టీన్ వాదించారు. హాకింగ్ మొదట ఒప్పుకోలేదు. ఎంట్రోపీ ఉంటే ఉష్ణోగ్రత ఉండాలి, ఉష్ణోగ్రత ఉంటే వేడి బయటికి రావాలి. ఏదీ బయటపడని చోటు నుంచి వేడెలా వస్తుంది? 1974లో క్వాంటం సూత్రాలతో లెక్క కట్టి, వస్తుందని తేల్చిందీ ఆయనే.

ఇందులో అన్నిటికన్నా వింత వైశాల్యం సంగతే. జగ్గయ్యపేట గోడౌన్‌లో ఎన్ని సిమెంటు బస్తాలు పడతాయన్నది లోపలి ఖాళీని బట్టి ఉంటుంది. బిలం ఎంట్రోపీ మాత్రం గోడల కొలతను బట్టి ఉంటుంది. వైశాల్యం తగ్గదన్న మాటకు పరీక్షా జరిగింది. 2025 జనవరి 14న గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో, రెండు బిలాలు కలిసిపోయినప్పుడు పుట్టిన తరంగాన్ని పట్టింది. కలవక ముందు ఆ బిలాల మొత్తం వైశాల్యం సుమారు 2,40,000 చదరపు కిలోమీటర్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం తక్కువ. కలిశాక అది సుమారు 4,00,000కు చేరింది. హాకింగ్ మాట నిలిచింది.

వేడి తీరూ తలకిందులే. సిమెంటు కిల్న్‌లో సున్నపురాయి సుమారు 1450 డిగ్రీల దగ్గర క్లింకర్ అవుతుంది. బొగ్గు తగ్గిస్తే కిల్న్ చల్లారుతుంది. బిలం శక్తి పోగొట్టుకునే కొద్దీ వేడెక్కుతుంది, మింగే కొద్దీ చల్లబడుతుంది. సూర్యుడంత బరువున్న బిలం ఉష్ణోగ్రత ఒక కెల్విన్‌లో సుమారు కోటీ అరవై లక్షలవ వంతు మాత్రమే. అంతరిక్షమంతా నిండిన వికిరణం 2.7 కెల్విన్ల దగ్గర ఉంది కాబట్టి, ఇప్పటికి ఆ బిలం వేడి పుచ్చుకోవడమే కానీ ఇవ్వడం లేదు. విశ్వం బాగా చల్లారాక అది కరగడం మొదలుపెడుతుంది. పూర్తిగా కరగడానికి పట్టే ఏళ్లు దాదాపు 1 పక్కన 67 సున్నాలు. అప్పుడు వైశాల్యం తగ్గినా, బయటికొచ్చిన వికిరణంతో కలిపి చూస్తే ఎంట్రోపీ పెరిగే ఉంటుంది.

విశ్వానికీ క్షితిజం ఉంది. వేగం పుంజుకుంటున్న వ్యాకోచం వల్ల సుమారు 1600 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఈరోజు బయలుదేరిన వెలుగు మనదాకా ఎప్పటికీ చేరదు. నందిగామ చేలో నిలబడ్డవాడికి నింగీ నేలా కలిసినట్టు కనిపించే గీతలాగే, ఇదీ చూసేవాడి చుట్టూ ఉండే హద్దు, ఎవరిది వారిదే. దీనికీ ఉష్ణోగ్రత ఉందని 1977లో గ్యారీ గిబ్బన్స్, హాకింగ్ చూపారు. కెల్విన్లలో రాస్తే దశాంశ బిందువు తర్వాత 29 సున్నాలు పెట్టాక అంకె మొదలయ్యేంత స్వల్పం. బిలాలన్నీ కరిగిపోయి, వికిరణం పలచబడ్డాక కూడా విశ్వం అంతకన్నా చల్లబడదు.