వాట్సాప్ వార్తలు – వానిని పరీక్షించు విధము



విత్తనము కొనిన వెంటనే పొలములో చల్లము. గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూచెదము. చేతిఫోనులో వచ్చు వార్తకు కూడ అట్టి పరీక్ష అవసరము. పరీక్షింపని వార్త ఎంత నష్టము తెచ్చునో 2020లో కోళ్ల రైతులు అనుభవించిరి.

ఆ సంవత్సరము ఫిబ్రవరి, మార్చి నెలలలో, కోడిమాంసము తినినచో కరోనా సోకునని, ఫలానా నగరములో బ్రాయిలరు కోళ్లలో ఆ వ్యాధి కనబడినదని వాట్సాప్‌లో వార్తలు వ్యాపించెను. జబ్బుపడిన కోళ్ల ఫోటోలు కూడ జతచేసిరి. ప్రజలు కొనుట మానిరి, ధర పడిపోయెను. బ్రాయిలరు కోడి సుమారు 6 వారములలో అమ్మకమునకు వచ్చును. ఆపైన ఉంచిన కొలది మేత ఖర్చు పెరుగును. కావున పలువురు అయినకాడికి అమ్ముకొనిరి. కోళ్లమేతకు గిరాకి తగ్గుటచే మొక్కజొన్న రైతులకు కూడ దెబ్బ తగిలెను. ప్రజల భయము పోగొట్టుటకు ఫిబ్రవరి 28న హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదికపై కోడిమాంసము తిని చూపవలసి వచ్చెను.

ఈ అబద్ధమును జనులేల నమ్మిరి? అందులో రవ్వంత నిజము కలదు. కోళ్లకు కరోనా జాతి వైరసు వలన బ్రాంకైటిస్ అను వ్యాధి వచ్చును. దానికి టీకా కూడ ఎప్పటినుండియో కలదు. కాని ఆ వైరసు వేరు, 2020లో మనుష్యులకు సోకినది వేరు. నిజములో కలిసిన అబద్ధము గింజలలో తాలువంటిది, చెరిగినగాని తెలియదు.

చెరుగు విధము:

1. మొదట చెప్పినవారెవరో చూడుడు. పేరు, ఊరు, తేదీ లేని వార్తను నమ్మరాదు.

2. వార్తపై రెండు బాణపు గుర్తులున్నచో అది అనేకుల చేతులు మారి వచ్చినదని మాత్రమే అర్థము, నిజమని కాదు.

3. ఫోటో పాతది కావచ్చును. గూగుల్ లెన్స్‌లో వెదకినచో, అది ఇదివరకు ఎక్కడ వచ్చినదో పలుమార్లు తెలియును.

4. పంట, పశువుల సంగతియైనచో వ్యవసాయాధికారిని, పశువైద్యుని అడుగుడు. కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నంబరుపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును.

5. సందేహము తీరువరకు ఇతరులకు పంపకుడు. పొరపాటున పంపినచో, అది తప్పని అదే గ్రూపులో తెలుపుడు.

వార్తను ఆపుటకు ఖర్చు లేదు. ఆపక పంపినచో నష్టపోవునది మన తోటి రైతే.