పాత స్పీకర్లకు ఏ రిసీవర్ జోడీ?

1970ల నాటి స్టీరియో రిసీవర్లకు మళ్లీ గిరాకీ పెరిగింది. ఎల్పీ రికార్డుల మీద ఆసక్తి తిరిగి రావడం ఒక కారణమైతే, బరువైన అల్యూమినియం ముఖం, వెలుగుతున్న డయల్ మీద నెమ్మదిగా జరిగే ముల్లు మరో కారణం. రేడియో ట్యూనర్, రికార్డు ప్లేయర్ ఇచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్లిఫయర్, స్పీకర్లను నడిపే పవర్ యాంప్లిఫయర్... ఈ మూడూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని రిసీవర్ అంటారు. ఇంట్లో పాత స్పీకర్లు ఉండి, వాటికి జతగా ఇలాంటిది కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది 'ఎన్ని వాట్లు?' అని. నిజానికి మొదటి ప్రశ్న స్పీకర్ గురించి ఉండాలి.

ఎందుకో తెలియాలంటే ఏఆర్-3ఏ అనే స్పీకర్‌ను చూడాలి. ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి 1954లో అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణంలో అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థను ప్రారంభించారు. అప్పట్లో లోతైన బేస్ కావాలంటే బీరువా అంత స్పీకర్ పెట్టె కావాల్సి వచ్చేది. విల్చర్ చిన్న పెట్టెను గాలి చొరబడకుండా మూసేసి, అందులో బాగా వదులుగా కదిలే కోన్‌ను అమర్చారు. లోపల చిక్కుకున్న గాలే స్ప్రింగులా పనిచేసి కోన్‌ను వెనక్కి తెస్తుంది. గుడ్డతో, కాగితంతో చేసిన స్ప్రింగు కంటే గాలి స్ప్రింగు క్రమబద్ధంగా ప్రవర్తిస్తుంది కాబట్టి బేస్‌లో డిస్టార్షన్ తగ్గింది. 1956లో ఈ ఆలోచనకు పేటెంట్ వచ్చింది. ఈ వరుసలో వచ్చిన ఏఆర్-3 ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది. దాన్ని మెరుగుపరిచి 1967లో తెచ్చినదే ఏఆర్-3ఏ.

ప్రకృతి దీనికి వేరే చోట మూల్యం వసూలు చేసింది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుకే ఎక్కువ శబ్దం... ఈ మూడింటిలో రెండే దక్కుతాయి. ఆడియో ఇంజనీర్లు దీన్ని హాఫ్‌మన్ ఉక్కు సూత్రం అంటారు. విల్చర్ మొదటి రెండూ తీసుకుని మూడోది వదులుకున్నారు. పాల్ క్లిప్ష్ 1940లలో రూపొందించిన క్లిప్ష్‌హార్న్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. గది మూలనంతా ఆక్రమించే భారీ పెట్టె అది. దానికి పిసరంత కరెంటు చాలు.

ఈ తేడాను కొలిచే అంకె సెన్సిటివిటీ. స్పీకర్‌కు ఒక వాటు ఇచ్చి, మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ల శబ్దం వస్తుందో చూస్తారు. ఏఆర్-3ఏ తరహా స్పీకర్లకు అది 85 దరిదాపుల్లో ఉంటుంది. క్లిప్ష్‌హార్న్‌కు 100 దాటుతుంది. డెసిబెల్ లాగరిథమిక్ కొలత కాబట్టి ఈ పదిహేను డెసిబెళ్లంటే పవర్‌లో ముప్పై రెట్లకు పైగా తేడా.

ఒక కచేరీ రికార్డింగును మీటరు దూరంలో సగటున 85 డెసిబెళ్ల దగ్గర వింటున్నారనుకుందాం. మొదటి రకం స్పీకర్‌కు అందుకు ఒక వాటు సరిపోతుంది. కానీ మృదంగం మీద బలమైన దెబ్బ పడిన క్షణంలో శబ్దం సగటు కంటే 20 డెసిబెళ్లు పైకి ఎగిరిందంటే ఆ క్షణానికి 100 వాట్లు కావాలి. క్లిప్ష్‌హార్న్‌కైతే అదే దెబ్బకు మూడు వాట్ల పైచిలుకు చాలు. అంటే 20 వాట్ల చిన్న రిసీవర్ ఒక ఇంట్లో రాజులా, మరో ఇంట్లో ఊపిరందక పోవచ్చు.

ఊపిరందకపోతే ఏమవుతుంది? యాంప్లిఫయర్ తన వోల్టేజీ హద్దును తాకినప్పుడు తరంగాల శిఖరాలు కత్తిరించినట్లు చదునవుతాయి. అలా చదునైన తరంగంలో అసలు సంగీతంలో లేని పై ఫ్రీక్వెన్సీలు పుడతాయి. వాల్యూమ్ ఇంకా పెంచేకొద్దీ సగటు పవర్ కూడా పెరుగుతుంది. అదంతా భరించాల్సింది వెంట్రుకంత సన్నని తీగ చుట్టిన ట్వీటర్. చిన్న యాంప్లిఫయర్ స్పీకర్‌కు హాని చేయదన్న నమ్మకం అందుకే ప్రమాదకరం.

అలాగని వాట్ల వెంట పరుగెత్తడమూ వృథాయే. ఒకప్పుడు కంపెనీలు క్షణకాలపు పవర్‌ను పెద్ద అక్షరాల్లో ప్రకటించుకునేవి. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన తెచ్చాక నిలకడగా ఇవ్వగలిగిన పవర్‌నే, ఫ్రీక్వెన్సీ పరిధితో, డిస్టార్షన్‌తో కలిపి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత పోటీ నిజమైన వాట్లలో సాగింది. 1976 నాటి పయనీర్ ఎస్ఎక్స్-1250 చానల్‌కు 160 వాట్లు ఇస్తే, 1978 నాటి ఎస్ఎక్స్-1980 ఏకంగా 270 వాట్లు ఇచ్చింది. పవర్ రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెళ్లే. మరి 160 నుంచి 270కి? అంతకూ తక్కువే. మామూలు గదిలో ఏఆర్-3ఏ లాంటి వాటికి మరాంట్జ్ 2270 తరగతి, అంటే చానల్‌కు 70 వాట్ల రిసీవర్, చాలామందికి సరిపోతుంది. ఒక షరతు మాత్రం ఉంది.

ఆ షరతు ఇంపెడెన్స్. రిసీవర్ స్పీకర్‌కు 20 వోల్టులు ఇస్తోందనుకుంటే, 8 ఓమ్‌ల స్పీకర్ 2.5 ఆంపియర్లు తీసుకుంటుంది. 4 ఓమ్‌లదైతే 5 ఆంపియర్లు లాగుతుంది. ఏఆర్-3ఏ నాలుగు ఓమ్‌ల స్పీకర్. ఆ అదనపు కరెంటు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను వేడెక్కిస్తుంది. కాబట్టి రిసీవర్ వెనక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర రాసిన కనీస ఓమ్‌లు చూడటం తప్పనిసరి. చాలా రిసీవర్లలో ఏ, బీ అని రెండు జతల స్పీకర్లకు స్విచ్ ఉంటుంది. రెండూ కలిపి నొక్కితే చాలా మోడళ్లలో అవి సమాంతరంగా కలుస్తాయి. అప్పుడు నాలుగు ఓమ్‌లు రెండవుతాయి. ఆనాటి రిసీవర్లలో ఎక్కువ శాతం దాన్ని తట్టుకోలేవు. స్పీకర్ మీద లేబుల్ చెరిగిపోయి ఉంటే మల్టీమీటరుతో కొలవచ్చు. 8 ఓమ్‌లది సుమారు 6, నాలుగు ఓమ్‌లది సుమారు 3 చూపిస్తుంది.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో ఉంటున్న బంధువులు ప్రేమగా పంపిన రిసీవర్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు తయారై ఉంటుంది. నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కథ అక్కడితో ముగుస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లోని అయస్కాంత ప్రవాహం వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగించిన విలువను బట్టి ఉంటుంది. 60 బదులు 50 హెర్ట్జ్ అంటే ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. పొదుపుగా తయారుచేసిన కోర్ దీంతో సంతృప్త స్థితికి చేరి గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది. జపాన్‌లో తూర్పున 50, పడమర 60 హెర్ట్జ్ సరఫరా ఉంది కాబట్టి అక్కడి దేశీయ మోడళ్లు రెండింటికీ తయారవుతాయి. అయితే వాటికి 100 వోల్టులే కావాలి. పైగా ఆ కాలపు జపాన్ ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే. మన స్టేషన్లలో చాలావరకు వాటికి అందవు. వెనక వోల్టేజీ సెలెక్టర్ ఉన్న ఎగుమతి మోడల్ దొరికితే, కాస్త ధర ఎక్కువైనా, అదే మేలు.

ఇవన్నీ సరిపోయినా వయసు మిగిలే ఉంటుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలోని ద్రవం దశాబ్దాల్లో ఆరిపోతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఇంజనీర్ల లెక్క. స్పీకర్ కోన్ చుట్టూ పాలియురెథేన్ ఫోమ్ ఉంటే, గాలిలోని తేమ దాన్ని రసాయనికంగా విడగొట్టి పొడిపొడి చేస్తుంది. సముద్రతీర పట్టణాల్లో దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. వేలితో మెల్లగా తాకితే చాలు, తెలిసిపోతుంది. కొత్త ఫోమ్ అంటించవచ్చు కానీ ఆ ఖర్చును బేరంలోనే కలుపుకోవాలి. పేరు మోసిన బ్రాండ్ పాడుబడిన సెట్ కంటే, పెద్దగా పేరు లేకపోయినా సర్వీసింగ్ జరిగిన సెట్ కొనడమే తెలివైన పని.

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న రిసీవర్‌ను తెలిసిన టెక్నీషియన్ దగ్గరకే తీసుకెళ్లాలి. వాళ్లు స్పీకర్లు తగిలించకుండా, 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి మొదటిసారి ఆన్ చేస్తారు. కెపాసిటర్లు చార్జ్ అవుతూ బల్బు ఒక్కసారి వెలిగి, మసకబారితే ఫర్వాలేదు. ప్రకాశంగానే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్లే. ఆ తర్వాత స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజీ కొలుస్తారు. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే స్పీకర్లు తగిలించవచ్చు. ఒకటి రెండు వోల్టులు చూపిస్తే మాత్రం, డయల్ ఎంత అందంగా వెలిగినా, ఆ సెట్‌ను ముందు బాగుచేయించాకే స్పీకర్ వైర్ల జోలికి వెళ్లాలి.