డబ్బాలో వందల ముక్కలు.. జిగురు పెట్టే ముందే చూసుకోవాలి

డబ్బా తెరవగానే ట్యాంకు కనిపించదు. ప్లాస్టిక్ చట్రాలు కనిపిస్తాయి. వాటికి అంటుకుని వందల చిన్న చిన్న ముక్కలు. ఇదీ స్కేల్ మోడల్ కిట్.

జపాన్‌లోని షిజువోకా ఈ కిట్లకు పెట్టింది పేరు. టమియా కంపెనీది ఆ ఊరే. ట్యాంకుల కిట్లలో ఎక్కువగా కనిపించే 1/35 కొలత కూడా ఆ కంపెనీ చలవే. తొలి రోజుల్లో చేసిన పాంథర్ ట్యాంకు బొమ్మలో మోటారు, బ్యాటరీలు పట్టాలి కదా, అలా కుదిరిన సైజు అది! ఈ లెక్కన ఏడు మీటర్ల ట్యాంకు 20 సెంటీమీటర్లకు వస్తుంది.

కొత్తవాళ్లు ముక్కలన్నీ ఒకేసారి కత్తిరించి కుప్ప పోస్తారు. నంబర్లు ఉండేది చట్రం మీద, ముక్క మీద కాదు. ఇక ఏది ఏదో తెలీదు. అప్పటికి కావాల్సినవే కట్ చేసుకోవాలి. అదీ కాస్త దూరంగా కోసి, మిగిలిన మొన బ్లేడుతో తీసేయాలి. ఆ కాసేపు ఫ్యాన్ ఆపేస్తే మంచిది.. బియ్యపు గింజంత ముక్క ఎగిరిపోతే మళ్లీ దొరకదు.

అసలు జాగ్రత్త జిగురు దగ్గర. దీనికి వాడే సిమెంట్ ఫెవికాల్‌లా అతికించదు, పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. రెండు అంచులూ కరిగి, ఆరాక ఒకే ముక్క అయిపోతాయి. తప్పుగా అతికిందని తర్వాత లాగితే విరగడమే. అందుకే ముందు జిగురు లేకుండా పెట్టి చూసుకోవాలి. ఆవిరి పీల్చకుండా కిటికీ తెరిచి కూర్చోవాలి, చిన్నపిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. వేలికి జిగురు అంటితే వెంటనే తుడుచుకోవాలి. లేదంటే వేలిముద్ర ప్లాస్టిక్‌లో దిగిపోతుంది, పైన రంగేసినా కనిపిస్తూనే ఉంటుంది.