నరానికి రెండు మిల్లీమీటర్ల దూరంలో

కింది దవడలో వెనక పన్ను పోయిన చోట ఇంప్లాంట్ బిగించాలంటే డాక్టర్ ముందుగా భయపడేది కంటికి కనబడని ఒక నరానికి. ఎముక లోపలి కాలువ గుండా వచ్చి గడ్డం దగ్గర బయటపడే ఈ నరమే కింది పెదవికి స్పర్శనిస్తుంది. డ్రిల్లు దాన్ని తాకితే పెదవి నెలల తరబడి, ఒక్కోసారి జీవితాంతం మొద్దుబారిపోవచ్చు. అందుకే ఇంప్లాంట్ కొసకూ నరానికీ మధ్య కనీసం 2 మి.మీ. ఖాళీ వదులుతారు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1965లో డాక్టర్ బ్రోనెమార్క్ తన తొలి రోగి గోస్టా లార్సన్ దవడలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చినప్పుడు కంప్యూటర్ ఊసే లేదు. అయినా లార్సన్ 2006లో కన్నుమూసేదాకా అవి పనిచేశాయి. చేతి నేర్పును తక్కువ చేయడానికి వీల్లేదు. కాకపోతే మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది, మందం తెలియదు.

ఆ లోటును 1990ల చివర ఇటలీ నుంచి వచ్చిన కోన్ బీమ్ సీటీ స్కాన్ తీర్చింది. దవడను ఎటు కోసి చూడాలంటే అటు చూపిస్తుంది. చిగుళ్ల ఆకారం మాత్రం అందులో స్పష్టంగా రాదు కాబట్టి, నోట్లో చిన్న స్కానర్ తిప్పి దాన్ని విడిగా తీసుకుంటారు. సాఫ్ట్‌వేర్ పళ్లను ఆనవాళ్లుగా పట్టుకుని రెండు బొమ్మలనూ కలుపుతుంది. మెటల్ క్యాపులు ఎక్కువగా ఉన్న నోట్లో సీటీ నిండా చారలు పడి ఈ కలపడమే తప్పుగా జరగవచ్చు. తెర మీద మాత్రం అంతా ముచ్చటగానే కనిపిస్తుంది!

ప్లాన్ పైనుంచి కిందికి సాగుతుంది. ఎదుటి పంటితో కలిసి నమలాల్సిన క్యాపును ముందు తెర మీద నిలబెడతారు. దాని కింద ఇంప్లాంట్ ఎక్కడ, ఏ వాలులో ఉండాలో ఆ తర్వాత తేలుస్తారు. నరాన్ని రంగు గీతగా గుర్తు పెట్టుకుంటారు.

అసలు చిక్కు ఆ ప్లాన్‌ను నోట్లోకి దించడంలో ఉంది. 3డీ ప్రింటర్ మీద పళ్లకు తొడిగే గైడ్ తయారవుతుంది. డ్రిల్లు దూరడానికి అందులో ఒక రింగు ఉంటుంది. గైడ్‌కు అక్కడక్కడా చిన్న కిటికీలు వదులుతారు. అది పళ్ల మీద పూర్తిగా కూర్చుందో లేదో వాటిలోంచి చూడాలి. కూర్చోకపోతే డ్రిల్లు వాలుతుంది. 10 మి.మీ. ఇంప్లాంట్ 5 డిగ్రీలు వాలితే చాలు, కొస దాదాపు 0.9 మి.మీ. పక్కకు జరిగిపోతుంది. పళ్లన్నీ పోయినవారిలో గైడ్‌ను మెత్తటి చిగురు మీదే ఆనించాలి. అది కదలకుండా ఎముకలోకి పిన్నులు దించుతారు.

పలు పరిశోధనలను కలిపి 2018లో తీసిన లెక్క ప్రకారం, గైడ్‌తో బిగించినా ఇంప్లాంట్ ప్లాన్‌కు పైభాగంలో సగటున 1.2, కొస దగ్గర 1.4 మి.మీ. ఎడంగా ఉంటోంది. అదీ సగటే. ఆ 2 మి.మీ. ఖాళీ ఉత్తి చాదస్తం కాదన్నమాట.

గైడ్‌తో ఇంకో తిరకాసు నీళ్లది. ఎముక ఒక్క నిమిషంపాటు 47 డిగ్రీల వేడికి గురైనా దెబ్బతింటుంది కాబట్టి డ్రిల్లు చేస్తున్నంతసేపూ సెలైన్ పోస్తూ ఉండాలి. ఆ ధారకు గైడే అడ్డం. డ్రిల్లును మాటిమాటికీ పైకి తీసి చల్లబరచక తప్పదు.

ప్లాన్‌ను నోట్లోకి దించే పనిని రోబోలకూ అప్పగిస్తున్నారు. చైనాలోని షియాన్‌లో 2017లో డాక్టర్ చేయి పడకుండానే ఒక రోబో ఒక మహిళకు 2 ఇంప్లాంట్లు అమర్చింది. ప్లాన్‌తో తేడా 0.2 నుంచి 0.3 మి.మీ. అని ప్రకటించారు. అమెరికాలో అనుమతి పొందిన యోమి అనే రోబో దారి వేరు: డ్రిల్లు డాక్టర్ చేతిలోనే ఉంటుంది, ప్లాన్ తప్పబోతే రోబో చేయి ఆ చేతిని అడ్డుకుంటుంది.